ముందు విప్పడం నేర్పండి



ఓరుగల్లు, హన్మకొండ, కాజీపేట కాలనీల్లో నడిచిపోతుంటే కుట్టు మిషన్, మగ్గం వర్క్, ఎంబ్రాయిడరీ, ఊలు అల్లిక నేర్పుతామనే బోర్డులు కనబడుతుంటాయి. సెలవుల్లో పెట్టే తరగతులు, మహిళా సంఘాల శిక్షణ శిబిరాలు వీటికి తోడు. ఇవి ఉండాలి, ఇంకా పెరగాలి. ఈ పూట నేను మాట్లాడేది వాటిలో ఒక కొత్త పద్ధతిని నేర్పే తీరు గురించి. సాధారణంగా టీచరు ముందు అల్లి చూపిస్తారు, నేర్చుకునేవాళ్లు చూసి అల్లుతారు. ఎక్కడో ఒక కుట్టు జారుతుంది, లేదా లెక్క తప్పుతుంది. "మేడమ్, ఇది కొంచెం చూడండి" అని పట్టుకెళ్తే ఆమె అర నిమిషంలో సరిచేసి చేతికిచ్చేస్తారు. కోర్సు అయ్యేసరికి ప్రతి ఒక్కరి దగ్గరా ఒక మఫ్లరో, పసిపిల్లల టోపీయో తయారై ఉంటుంది. చిన్న ప్రదర్శన పెడతారు, సర్టిఫికెట్లు ఇస్తారు. ఆ మఫ్లర్‌లో నేర్చుకున్న మనిషి పని ఎంత, టీచరు పని ఎంత అని ఎవరూ అడగరు. నా వాదన ఇది. అల్లికలో కొత్త పద్ధతి నేర్పేటప్పుడు ముందుగా నేర్పాల్సింది విప్పడం. తప్పు ఎక్కడ పడిందో కనిపెట్టడం, అక్కడిదాకా మాత్రమే విప్పడం, విప్పినదాన్ని మళ్లీ సూది మీదికి ఎక్కించి అల్లుకుంటూ రావడం. ఇంతా వచ్చాకే ఆ పద్ధతి వచ్చిందని ఒప్పుకోవాలి.

ఎందుకో చెప్పాలంటే ఊలు అల్లిక ఎలా నిలబడుతుందో చూడాలి. రేడియోలో చేత్తో చూపించే వీలు లేదు కనుక మాటల్లో చెబుతాను. నేత గుడ్డలో పడుగు వేరు, పేక వేరు. నిలువు పోగులు, అడ్డం పోగులు ఒకదాని మీద ఒకటి, ఒకదాని కింద ఒకటి దాటుకుంటూ పోతాయి. అల్లికలో అలా రెండు దారాలు ఉండవు. ఉండలోంచి వచ్చే ఒకే దారం లూపులుగా మలుచుకుంటుంది, పై వరుసలోని ప్రతి లూపూ కింది వరుసలోని లూపులోంచి బయటికి వస్తుంది. కింది లూపు ఊడిపోకుండా పట్టుకునేది పై లూపే. అన్నిటికన్నా పైనున్న వరుసను మాత్రం సూది పట్టుకుంటుంది. సూది మీంచి ఒక లూపు జారిందంటే దాని పక్కవాటికి వెంటనే ఏమీ కాదు. జారినదే తన కింది లూపును వదిలేస్తుంది, అది ఇంకా కిందిదాన్ని వదిలేస్తుంది. నిలువునా ఒక నిచ్చెన మెట్లలాగా అడ్డం దారాలు బయటపడతాయి. ఇది చూసి కొత్తవాళ్లు పని మొత్తం పాడైందని భయపడతారు. నిజానికి పాడైంది ఒక్క నిలువు వరుసే, పోయిన దారం ఒక్క అంగుళం కూడా లేదు. క్రోషా సూది ఒకటి తీసుకుని, అన్నిటికన్నా కిందనున్న లూపులో పెట్టి, దాని పైమెట్టును కొక్కేనికి తగిలించి లాగితే ఒక కుట్టు తిరిగి వస్తుంది. అలా మెట్టు మెట్టుకూ లాక్కుంటూ పైదాకా వచ్చి సూది మీద పెడితే అంతకు ముందు జారిన గుర్తే ఉండదు.

ఈ సంగతి తెలిసినవాళ్లు కేబుల్ అల్లిక, అంటే స్వెటర్ మీద జడలాగా మెలికలు తిరుగుతూ పైకి పోయే డిజైన్, నేర్చుకునే తీరు వేరుగా ఉంటుంది. నాలుగు కుట్ల కేబుల్ అనుకుందాం. మొదటి రెండు కుట్లను చిన్న సూది మీదికి తీసి పనికి ముందువైపో వెనకవైపో ఆపి, తర్వాతి రెండింటిని ముందు అల్లి, ఆపిన రెండింటిని తర్వాత అల్లుతారు. ముందువైపు ఆపితే మెలిక ఎడమకు వాలుతుంది, వెనక ఆపితే కుడికి. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. పది వరుసలు పైకి పోయాక చూసుకుంటే ఒక మెలిక ఎదురు తిరిగి ఉంటుంది. అల్లడం మాత్రమే నేర్చినవాళ్లు ఏం చేస్తారు? పది వరుసలూ పీకేస్తారు, లేకపోతే తప్పును అలాగే వదిలేస్తారు. విప్పడం తెలిసిన మనిషి ఆ నాలుగు కుట్లనే సూది మీంచి వదిలి, ఆ నాలుగింటినే మెలికదాకా జార్చి, మెలికను సరైన వైపు తిప్పి, బయటపడిన పది అడ్డం దారాలతో మళ్లీ పైకి అల్లుకొస్తుంది. పక్కనున్న నూరు కుట్లూ కదలవు. ఇది చేయాలంటే కేబుల్ అంటే కుట్ల వరస మారడమే తప్ప కొత్త కుట్టేదీ కాదని అర్థమై ఉండాలి. టీచరు నోటితో ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. నాలుగు కుట్లు జార్చి చూసినప్పుడు అది కళ్లెదుటే కనబడుతుంది.

ఇది ఊలు అల్లికకు మాత్రమే చెల్లే మాటేమో అనుకుంటే మన ఊరి పనినే చూడండి. కొత్తవాడ షత్రంజీలు ఎవరికి తెలియవు? మొఘల్ సైన్యాల వెంట వచ్చిన పారశీక పనివాళ్ల నుంచి తివాచీ విద్య ఓరుగల్లుకు వచ్చిందని చెబుతారు. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు ఇక్కడి తివాచీలు వెళ్లాయి. ఓరుగల్లు షత్రంజీకి 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. షత్రంజీలో ఇంటర్‌లాక్ అని ఒక పద్ధతి ఉంది. ఒకే వరుసలో ఎర్ర పేక కొంత దూరం వచ్చి ఆగుతుంది, అక్కడి నుంచి నల్ల పేక మొదలవుతుంది. రెండూ దేని దారిన అది వెనక్కి తిరిగితే ఆ సందున చీలిక పడుతుంది. అందుకే వెనక్కి తిరిగే ముందు రెండు రంగుల పేకలనూ ఒకదానికొకటి మెలేస్తారు. ఒక చోట మెలి మరిచిపోతే ఆ తప్పు తర్వాతి వరుసల కింద కప్పబడిపోతుంది. అల్లికలోలాగా ఆ ఒక్క నిలువునే జార్చడం ఇక్కడ కుదరదు. దగ్గరగా కొట్టిన పేకను ఆ తప్పుదాకా వరుస వరుసా తీసుకుంటూ రావాలి. కాబట్టి ఈ పనిలో కన్ను ఎప్పటికప్పుడు రంగుల సరిహద్దు మీదే ఉండాలి. ఇక పోచంపల్లి, పుట్టపాక వైపు చిటికి పని చూడండి. అక్కడ నేయకముందే నూలుకు ముడులు కట్టి రంగులో ముంచుతారు. కట్టాల్సిన చోట ముడి కట్టకుండా అద్దకంలో వేశాక దాన్ని విప్పి వెనక్కి తెచ్చే దారే లేదు. అక్కడ సరిచూసుకోవాల్సిన ఘడియ రంగు తొట్టికి ముందే వస్తుంది. మూడు పనులు, మూడు రకాల దిద్దుబాట్లు. ఒక పద్ధతిని నేర్చుకోవడమంటే అందులో తప్పు ఎక్కడ పుడుతుందో, ఎంతవరకు వెనక్కి పోగలమో తెలుసుకోవడమే అని నేను గట్టిగా అనడానికి ఆధారం ఇదే.

మన నేతవారి ఇళ్లలో పిల్లలకు పని అబ్బిన తీరు కూడా దీనికి సాక్ష్యం చెబుతుంది. ఏ పిల్లనీ పిల్లాడినీ మొదటి రోజే మగ్గంలో కూర్చోబెట్టలేదు. కండెలు చుట్టించారు, తెగిన పోగులు అతికింపజేశారు, కొత్త పడుగును పాత పడుగు కొసలకు కలిపించారు. అంటే వందల పోగుల్లోంచి తెగిన ఒక్క పోగును వెతికి, అది ఏ అల్లెలోంచి, పన్నెలో ఏ సందులోంచి రావాలో చూసి కలపడం. గుడ్డ నేయడం రాకముందే గుడ్డ ఎక్కడ చెడుతుందో ఆ చేతులకు తెలిసేది. ఇళ్లలో ఏళ్ల తరబడి సాగిన ఆ వరసను తరగతి గదిలోకి తెచ్చేసరికి తలకిందులు చేశాం. పూర్తయిన వస్తువును ముందు పెట్టి, బాగుచేయడాన్ని టీచరు చేతికి అప్పగించాం. బడిలో చేతిపని గురించి గాంధీజీ 1937లో రాసినప్పుడు యాంత్రికంగా నేర్పితే లాభం లేదని, ప్రతి దశలో ఇది ఎందుకు, ఎలా అన్నది పిల్లలకు తెలియాలని పట్టుబట్టారు. ఆ ఏడే వార్ధాలో జరిగిన విద్యా సదస్సు తర్వాత పాఠ్య ప్రణాళిక రాసిన సంఘానికి అధ్యక్షుడు మన హైదరాబాద్‌లో పుట్టిన జాకీర్ హుసేన్. తకిలీ చేతికిచ్చి వడకమనడం వరకు చాలా బడులు చేశాయి. ఆ 'ఎందుకు' మాత్రం వెనకబడిపోయింది.

ఆ వెనకబాటు ఎక్కడికి తీసుకెళ్తుందో నర్సాపురం లేసు పని చూపిస్తుంది. గోదావరి జిల్లాల్లో క్రోషా లేసును 19వ శతాబ్దిలో క్రైస్తవ మిషనరీలు ఆడపిల్లలకు నేర్పారు. ఒకరి నుంచి ఒకరికి ఊళ్లకు ఊళ్లు పాకింది, విదేశాలకు ఎగుమతైంది, 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన నేల మీద తరగతిలో మొదలై లక్షమంది స్త్రీల పనిగా పెరిగిన విద్య ఇది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఆ స్త్రీల గురించి రాసిన పుస్తకం 1982లో వెలువడింది. రోజంతా సూది ఆడించినా వాళ్లను శ్రామికులుగా లెక్కించలేదని, ఇల్లాళ్లు తీరిక వేళల్లో చేసుకునే పని అన్న పేరు పెట్టి అతి తక్కువ కూలితో సరిపెట్టారని ఆమె చూపారు. పని ముక్కలుగా చీలి ఉండడం ఆ పుస్తకంలో నన్ను ఆపిన సంగతి. కొందరు చేతిపని చేస్తారు, అంటే పువ్వులు, బిళ్లలు అల్లుతారు. వేరే కొందరు అతుకుపని చేస్తారు, ఆ ముక్కలను కలిపి వస్తువుగా మారుస్తారు. పువ్వు అల్లే ఇంటికి టేబుల్ గుడ్డ పూర్తి రూపం చేరదు. ఆ గుడ్డకు దారం ఎంత పడుతుంది, గంటలు ఎన్ని పడతాయి అన్న మొత్తం లెక్క వ్యాపారి దగ్గరే ఉంటుంది. పని విడగొడితే వేగం వస్తుంది కదా అని ఎవరైనా అనవచ్చు. వస్తుంది, కాదనను. కానీ ఆ వేగం వల్ల పెరిగిన డబ్బు ఎటు పోయిందో ఆ పుస్తకం చెబుతుంది. కూలి తక్కువ కావడానికి సంత, కులం, ఆడవాళ్లను బయటికి రానివ్వని ఆచారం అన్నీ కారణాలే. పూర్తి పని తెలిసినంత మాత్రాన కూలి పెరిగిపోతుందని నేను చెప్పను. పూర్తి పని తెలియని మనిషికి బేరమాడడానికి మొదటి మాటే దొరకదన్నది మాత్రం నిజం.

ఇక్కడ శిక్షణ నడిపేవాళ్ల అభ్యంతరం ఒకటుంది, అది న్యాయమైనదే. టైమేదీ? పీఎం విశ్వకర్మ పథకం 2023 సెప్టెంబరులో మొదలైంది. దర్జీలతో సహా 18 రకాల చేతివృత్తులవారికి అందులో ప్రాథమిక శిక్షణ 5 నుంచి 7 రోజులు, రోజుకు 500 రూపాయల భత్యం. మిగతా శిబిరాలకూ రోజులు లెక్కపెట్టే ఇస్తారు. ఆ కాస్త వ్యవధిలో ఒక వస్తువైనా పూర్తి చేయించకపోతే ఎలా అంటారు. ఉన్నది వారమే అయినప్పుడు ఆ వారంలో ఏది ఇస్తే ఇంటికి వెళ్లాక కూడా పెరుగుతుందో చూసుకోవాలి. మఫ్లర్ పూర్తి చేసి ఇంటికెళ్లిన మనిషి రెండో మఫ్లర్‌లో కుట్టు జారగానే ఆగిపోతుంది, అక్కడ సరిచేసే టీచరు ఉండదు. సగం మఫ్లరే అల్లినా జారిన కుట్టు ఎత్తుకోవడం వచ్చిన మనిషి ఆగదు. తానే తప్పు చేసి, తానే దిద్దుకుని ముందుకు పోతుంది. తక్కువ రోజుల కోర్సుకే విప్పడం ఎక్కువ అవసరం. ఏడాది కోర్సులోనైతే అది ఎలాగో ఒకలా అబ్బుతుంది.

ఇంకొందరి మాట, "వీళ్లు నాలుగు రూపాయలు సంపాదించుకోవాలని వచ్చినవాళ్లు, ఈ శాస్త్రమంతా వాళ్లకెందుకు?" అని. సంపాదన కోసమే ఈ శాస్త్రం కావాలి. తరగతి ముగించి వెళ్లిన ఒకామెకు పాప స్వెటర్ ఆర్డర్ వచ్చిందనుకోండి. ఛాతీ చుట్టూ 24 అంగుళాలు. తరగతిలో వాడిన ఊలుతో అంగుళానికి 5 కుట్లు వచ్చేవి, కాబట్టి 120 కుట్లు ఎక్కించమని నోటుబుక్కులో రాసుకుంది. ఆర్డర్ ఇచ్చినావిడ తెచ్చిన ఊలు కాస్త సన్నం, దానితో అంగుళానికి ఐదున్నర కుట్లు పడుతున్నాయి. అదే 120 ఎక్కిస్తే స్వెటర్ 22 అంగుళాలకు కూడా రాదు, పాపకు పట్టదు. ఎక్కించాల్సినవి 132. ఇది తెలియాలంటే మొదట అరచేయంత ముక్క అల్లి, కొలిచి, విప్పేయాలి. పుస్తకంలోని అంకెలను కళ్లుమూసుకుని పట్టుకోకుండా ఇలా కొలిచి లెక్క వేసుకోమని అమెరికాలో స్థిరపడిన ఎలిజబెత్ జిమ్మర్‌మాన్ 1971లో వచ్చిన తన అల్లిక పుస్తకంలో వేలమందికి నేర్పింది. ఛాతీకి పట్టే కుట్లలో ఇంచుమించు ఐదో వంతు మణికట్టుకు, మూడో వంతు భుజం దగ్గర చేతికి అన్న లెక్కను ఆ తర్వాత ప్రచారంలోకి తెచ్చింది కూడా ఆమే. ఐదో తరగతి లెక్కలు వచ్చిన ఎవరైనా ఇది చేయగలరు. విప్పడానికి చేయి వెనుకాడితే మాత్రం కొలత ముక్క అల్లబుద్ధి కాదు. అల్లింది విప్పడం దండగ అనిపిస్తుంది, ఆర్డర్ మొత్తం దండగ అయ్యేదాకా.

ఓరుగల్లులో చలి రెండు నెలలే కదా, ఊలు అల్లికతో మనకేం పని, పైగా మిల్లులు వస్తుంటే చేతి అల్లిక ఎన్నాళ్లు అని కూడా అడుగుతారు. ఊలు మనకు కొత్తది కాదు. కురుమల ఇళ్లలో ఆడవాళ్లు దక్కనీ గొర్రెల బొచ్చు వడికితేనే గొంగడి తయారైంది. మిల్లుల సంగతి అంతకంటే ముఖ్యం. 1934లో నిజాం కాలంలో పెట్టిన ఆజంజాహి మిల్లు మూతపడి, సూరత్, భివండీలకు వలసపోయిన కుటుంబాలున్న జిల్లా మనది. 2017లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన జరిగింది, 2023లో దక్షిణ కొరియాకు చెందిన యంగ్‌వన్ అక్కడ ఫ్యాక్టరీల పని మొదలుపెట్టింది. మనం తొడిగే బనియన్, టీ షర్టు, సాక్సు, పిల్లల స్వెటర్ అన్నీ అల్లిక బట్టలే. చొక్కా గుడ్డ సాగదు, బనియన్ సాగుతుంది, ఎందుకంటే అందులో ఉన్నవి లూపులు. బనియన్‌కు పడిన చిన్న చిల్లు నిలువునా పాకిపోవడానికి కారణం కూడా సూది మీంచి జారిన కుట్టు కథే. ఇంగ్లండ్‌లో విలియం లీ 1589లో మేజోళ్లు అల్లే యంత్రం చేసింది ఈ లూపుల నడకను గమనించే. చేత్తో విప్పి చూసిన అమ్మాయి రేపు ఏ బట్టల ఫ్యాక్టరీలో నాణ్యత చూసే బల్ల దగ్గర నిలబడినా గుడ్డలో లోపం ఎక్కడ మొదలైందో చెప్పగలదు. అంత దూరం కూడా అక్కరలేదు, ఓరుగల్లు నుంచి హైదరాబాద్ పోయే దారిలో ఆలేరు దగ్గర శారాజీపేట ఉంది. ఆరో తరగతితో చదువు ఆపేసిన చింతకింది మల్లేశం, తల్లి లక్ష్మి ఆసు పోసి పోసి, అంటే నూలును మేకుల చుట్టూ చేత్తో తిప్పి తిప్పి, భుజం నొప్పితో బాధపడుతుంటే చూడలేక, ఆ చేయి తిరిగే దారిని అంగుళం అంగుళం గమనించి 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇంజినీరింగ్ చదవకుండానే ఆయన ఆ పని చేయగలిగింది, ప్రతి కదలికా దేనికో తెలిసినందువల్ల.

ఫోన్లో వీడియోలు ఉండగా తరగతులే ఎందుకనే మాట కూడా వింటున్నాం. వీడియోలో అల్లే చేతులకు తప్పు పడదు, పడినా కత్తిరించేస్తారు. మీ చేతిలోని ముక్కలో ఏ కుట్టు ఎదురు తిరిగిందో వీడియో చూడలేదు. తరగతికి ఉన్న గొప్ప సౌకర్యం ఏమిటంటే ఇరవైమంది కూర్చుంటే ఇరవై రకాల తప్పులు దొరుకుతాయి. వాటిని టీచరు చాటుగా సరిచేయకుండా అందరి మధ్య పెట్టి, "ఇది ఎక్కడ తప్పింది, ఎక్కడిదాకా విప్పాలి?" అని అడిగితే ఏ వీడియో ఇవ్వలేని పాఠం అవుతుంది. విప్పమంటే మనసు చిన్నబోతుంది, మానేస్తారు అని కొందరు టీచర్ల భయం. ఎవరి తప్పును వాళ్లు మొదటిసారి పదిమందిలో విప్పాల్సి వస్తే నిజంగానే చిన్నబోతుంది. అందుకే మొదటి రోజున విప్పాల్సింది ఎవరిదీ కాని ముక్క అయి ఉండాలి. టీచరు ముందే కావాలని తప్పులు పెట్టి అల్లిన ముక్కలు తలా ఒకటి ఇవ్వాలి. ఒక కుట్టు జారినది, ఒక కుట్టు ఎక్కువైనది, ఒక మెలిక ఎదురు తిరిగినది. ఆ మూడు తప్పులనూ వెతికి విప్పి దిద్దిన తర్వాతే సొంత ముక్క మొదలుపెట్టించాలి. చివరి రోజు పరీక్షలో కూడా మఫ్లర్‌కు కొన్ని మార్కులే ఉంచి, మిగతావి ఇలాంటి తప్పుల ముక్కకు ఇవ్వాలి.

దీనికి డబ్బెక్కడిదని శిక్షణ ఏర్పాటు చేసేవాళ్లు అడగవచ్చు. ఖర్చు తగ్గుతుందే తప్ప పెరగదు. విప్పిన ఊలు పోదు. కొంచెం వంకరలు తిరిగి ఉంటుంది, దాన్ని చుట్టలా చుట్టి రెండు మూడు చోట్ల దారంతో కట్టి, గోరువెచ్చని నీళ్లలో తడిపి, ఆరేసి మళ్లీ ఉండ చుడితే తిన్నగా అవుతుంది. ఒక్కొక్కరికి ఒక ఉండ, ఒక జత సూదులు, ఒక క్రోషా సూది ఇస్తే మొదటి వారమంతా గడుస్తుంది. వచ్చే సెలవుల్లో మన జిల్లాలో మొదలయ్యే తరగతులకు సామాన్ల చీటీ రాసేటప్పుడు ఆ క్రోషా సూదిని మరిచిపోకుండా రాయమని నిర్వాహకులను కోరుతున్నాను. ఊలు అల్లిక తరగతికి ఇదెందుకని కొట్టివేయవద్దు, జారిన కుట్టును ఎత్తేది అదే.